కాటాయన మడమ

ఊరి చివర, లారీలన్నీ మలుపు తిరిగే చోట ఒక కాటా ఉంది. కాటా అనగానే కొట్లో ఉల్లిపాయలు తూచేది అనుకోకండి. ఇది లారీని లారీగానే తూచే ఇనుప వేదిక. లారీ దాని మీదికెక్కి నిలబడితే పక్క గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఒకచోట ఆగుతాయి. ఆగగానే గదిలో కూర్చున్న మనిషి మీట నొక్కుతాడు, బరువు అచ్చయిన చీటీ బయటికొస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ మీట నొక్కుతున్న మనిషిని అందరూ కాటాయన అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు, కానీ అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాదు.

ఆ గది ఎంతంటే, కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపితే నాలుగు గోడలూ తగులుతాయి. కిటికీకి లావుపాటి ఊచలున్నాయి. ఆ ఊచల సందులోంచి డ్రైవర్లు చెయ్యి పెట్టి చీటీ తీసుకుంటారు. తీసుకున్నవాడు చూసుకుని, "ఇంకోసారి తూచండి, ఎక్కడో తేడాగా ఉంది" అంటే కాటాయన తలెత్తడు. అచ్చయిందా, అయింది, వెళ్లు అంటాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్క లారీని కూడా రెండోసారి తూచలేదు. ఇది తన కాటా గొప్పతనమని ఆయన అనుకుంటాడు. డ్రైవర్లు ఇంకోలా అనుకుంటారు.

అసలు రోగం కాటాది కాదు, వంశానిది. వాళ్ల తాత మడమ తిప్పని మనిషి. ఆ తాతకు పుట్టిన నాన్న ఇంకా మడమ తిప్పని మనిషి. వీధిలో ఉన్న ఒకే ఒక్క కటింగ్ షాపాయనతో ఏదో మాటా మాటా పెరిగి, "ఇక నీ కుర్చీలో కూర్చోను" అనేసి, పదకొండేళ్లు వంటింటి కత్తెరతో తన జుట్టు తనే కత్తిరించుకున్నాడు. వెనకభాగం మాత్రం చెయ్యి అందక కూతురి చేత చేయించుకునేవాడు. ఇంత ఘనమైన ఇంట్లో పుట్టిన కాటాయన, అన్న మాట నుంచి వెనక్కి రావడం అంటే ఒంట్లో ఎముక తీసేసినట్టే అనుకుంటూ పెరిగాడు.

ఒకసారి తప్పు బస్సెక్కాడు. రెండో స్టాపులోనే తెలిసింది. కానీ ఎక్కేటప్పుడు కండక్టరుతో "నాకు తెలుసులేవయ్యా ఎటు వెళ్తుందో" అన్నాడు కదా, దిగితే ఏం బాగుంటుంది? చివరి స్టాపు దాకా వెళ్లి, ముక్కూ మొహం తెలియని ఆ ఊళ్లో ఒక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, పని చూసుకున్న మనిషిలా తిరిగొచ్చాడు. ఇంకోసారి టీలో పంచదార ఎక్కువైందని భార్య మీద విసుక్కుని, ఇక నా టీలో పంచదారే వద్దు అన్నాడు. మర్నాడు ఆవిడ నిజంగానే వెయ్యలేదు. మొదటి గుక్కకే ప్రాణం ఉసూరుమంది. అయినా పద్దెనిమిదేళ్లుగా ఆ కషాయాన్నే తాగుతున్నాడు. అలా తాగిన మనిషికి చివరికి షుగరు జబ్బు వచ్చిందంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది ఒకటుంది, అది అక్క సంగతి.

కాటాయనకు ఒక్కతే అక్క, మూడేళ్లు పెద్దది. నాన్న జుట్టు వెనక కత్తిరించింది ఆవిడే. భర్త పోయాక ఆయన నడిపిన పాత ఇనుము కొట్టును తనే పట్టుకుని నిలబెట్టింది. కొట్టు కాటాకు మూడు కిలోమీటర్ల దూరం. ముందు గేటు, లోపల పెద్ద ఆవరణ, అందులో తుప్పు గుట్టలు, వెనక రెండు గదుల ఇల్లు. నెలకోసారి లారీ నింపి ఫ్యాక్టరీకి పంపేది. పంపేముందు తమ్ముడి కాటా మీద తూపించేది.

తొమ్మిదేళ్ల కిందట అలాగే ఒక లారీ తూగింది. చీటీ మీద ఎంతుందో ఫ్యాక్టరీ కాటా మీద దానికంటే ఎనభై కిలోలు తక్కువొచ్చింది. దారిలో సరుకు ఎక్కడ దించేశావమ్మా అని అక్కడివాళ్లు నలుగురిలో అడిగారు. అక్క ఆ చీటీ పట్టుకుని తమ్ముడి దగ్గరికి వచ్చింది. కిటికీ ముందు ఏడెనిమిది మంది డ్రైవర్లు ఉన్నారు. "ఒకసారి చూడరా, ఎక్కడో పొరపాటు జరిగింది" అని మెల్లిగానే అడిగింది. కాటాయన తలెత్తకుండా అన్నాడు:

"నా కాటా అబద్ధం ఆడదు. ఎనభై కిలోలు ఎక్కడ దించావో నువ్వే గుర్తు తెచ్చుకో."

సొంత అక్కను దొంగ అన్నాడన్నమాట. అన్న క్షణమే అనకూడని మాట అన్నానని తెలిసింది. కానీ నోటి నుంచి వచ్చింది వచ్చేసింది. అక్క చీటీని నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడదీ అదే వంశం కాబట్టి వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భార్య క్యారియర్ తీసుకుని వచ్చింది. కింద బురదగా ఉందని కాటా వేదిక మీద నుంచి నడిచొస్తూ, మధ్యలో ఆగి చెప్పులు దులుపుకుంది. లారీ లేని వేదిక మీద ఎర్ర అంకెలు సున్నా నుంచి లేచి ఎనభై దగ్గర ఆగాయి. కాటాయన అంకెల్ని చూశాడు, భార్యను చూశాడు, మళ్లీ అంకెల్ని చూశాడు. ఏమిటండీ అలా చూస్తున్నారని ఆవిడ అడిగింది. ఏం లేదన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. లారీ తూగిన రోజు అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంటే, తన భార్య క్యారియర్‌తో సహా వేదిక మీదే, లారీ నీడలో నిలబడి వదినతో కబుర్లు చెబుతోంది. లారీతో పాటు ఆవిడ కూడా తూగింది.

ఇంత తెలిశాక ఏం చెయ్యాలి? వెళ్లి చెప్పాలి. చెప్పాలంటే రెండు చిక్కులు. తప్పు ఒప్పుకుంటే అక్క దగ్గర తల దించుకోవాలి. ఆ తప్పు ఏమిటో విడమరిచి చెబితే ఇంట్లో అసలు తలే ఉండదు. కాటాయన ఆ పూట ముద్ద దిగకుండానే క్యారియర్ మూసేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఆడపడుచూ మరదలూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. అక్కాతమ్ముళ్లు మాత్రం మూడు కిలోమీటర్ల దూరంలో ఉండి మొహాలు చూసుకోలేదు. ఒక్క పూట కూడా ఆయన అక్కను మరిచిపోయింది లేదు. అది ఎవరికీ తెలియదు, అంతే.

షుగరు జబ్బు సంగతికొద్దాం. డాక్టరు కాగితాలు చూసి, రేపటి నుంచి గంటసేపు నడవాలి అన్నాడు. చెప్పడంలో కాస్త అధికారం ధ్వనించింది. "నేను నడవను" అన్నాడు కాటాయన. నడక మీద ఆయనకు ఏ పగా లేదు, మాట అలా వచ్చేసింది. డాక్టరు విసుగ్గా, పోనీ సైకిలైనా తొక్కండి అని కాగితం చించి ఇచ్చాడు.

సైకిళ్ల షాపు నడిపేది ఒకావిడ. వయసులో ఉన్నప్పుడు రోడ్డు పందేల్లో తొక్కిన మనిషి, మోకాళ్ల మీద మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. ఎవరో వాడి తిరిగిచ్చిన ఆకుపచ్చ రోడ్డు సైకిలు ఒకటి కాటాయనకు సరిపోయింది. దానికి పెడళ్లు లేవు. ఆవిడ బల్ల మీద మూడు రకాలు పెట్టింది. ఒకటి మామూలు పలక పెడలు. ఒకటి ముందు పంజరంలాంటిది ఉండి, తోలు పట్టీతో కాలిని బిగించేది. మూడోది అరచేతిలో పట్టేంత చిన్నది, దాని అట్టపెట్టె మీద క్లిప్‌లెస్ అని రాసుంది.

కాళ్లకు కట్లూ క్లిప్పులూ నాకు పడవు, ఇదుగో ఈ క్లిప్పు లేనిది ఇవ్వండి అన్నాడు కాటాయన.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పూర్వం ఆ పంజరాన్నే క్లిప్పు అనేవారు. పంజరం తీసేసి చేశారు కాబట్టి దీన్ని క్లిప్‌లెస్ అన్నారు. పేరుకి క్లిప్పు లేదు కానీ పట్టుకోవడంలో మూడింట్లో ఇదే ఘనం. బూటు అడుగున ఒక బిళ్ల ఉంటుంది, అది పెడల్లోకి టక్కుమని దిగుతుంది. దిగిందంటే కాలు సైకిలుదే. మీరు కొత్త కాబట్టి రెండు నెలలు పలక పెడళ్ల మీద తొక్కండి, తర్వాత చూద్దాం అంది. కాటాయనకు అంతా అర్థమైంది. కానీ అప్పటికే ఇద్దరు కొనేవాళ్లు పక్కన నిలబడి ఆయన మాట విన్నారు. "క్లిప్పు లేనిదే కావాలన్నాను. అదే ఇవ్వండి" అన్నాడు.

సరే, అందులోనూ రెండు రకాలున్నాయంది ఆవిడ. రెండు బోల్టుల బిళ్లయితే బూటు అడుగులోకి ఒదిగిపోయి ఉంటుంది, దిగి నాలుగడుగులు నడవొచ్చు. మూడు బోల్టులదైతే బయటికి పొడుచుకొస్తుంది, తొక్కడానికి బాగుంటుంది గానీ నడిస్తే జారుతుంది. నడవనని డాక్టరుతో అన్న మనిషి ఏది తీసుకుంటాడు? మూడు బోల్టులదే తీసుకున్నాడు. బిళ్లల్లో ఎర్రదైతే కాలు అటూ ఇటూ కాస్త ఆడుతుంది, మోకాలికి సుఖం. నల్లదైతే అసలు కదలదు. కాటాయన నల్లది చూపించాడు. స్ప్రింగు ఎంత బిగించమంటారని అడిగితే ఎంత బిగిస్తే అంత అన్నాడు. ఆవిడ ఆయన మొహం ఒకసారి చూసి, చిన్న పానాతో స్క్రూ తిప్పింది. ఎటు తిప్పిందో ఆయన అడగలేదు.

చివరగా, కాలు బయటికి తీయడం ఎలాగో చెప్పింది. పైకి లాగితే రాదు. వెనక్కి లాగితే రాదు. "మడమ బయటికి తిప్పాలి. అంతే."

కాటాయన మొహంలో రంగు మారింది. ఇంకో దారి లేదా అన్నాడు. లేదంది. వీటితో తొక్కేవాళ్లంతా మడమ తిప్పేవాళ్లేనా అన్నాడు. అందరూ, రోజుకి ఇరవైసార్లు అంది. ఇది మా ఇంటా వంటా లేదమ్మా అని గొణుక్కుంటూనే సైకిలు బయటికి తీసుకెళ్లాడు.

మొదటి రోజు రైల్వే గేటు పడింది. ముందు బస్సు, వెనక బస్సు, మధ్యలో కాటాయన. సైకిలు ఆగింది. కాలు కింద పెట్టబోతే కాలు రాలేదు. మడమ తిప్పితే వస్తుందని తెలుసు. తెలిసీ తిప్పలేదు. నిలబడ్డ సైకిలు కాసేపు ఆలోచించి, మెల్లిగా, అందరూ చూడ్డానికి వీలుగా ఎడమవైపు ఒరిగింది. బస్సులోంచి ఇద్దరు దిగి వచ్చి, దెబ్బ తగిలిందా, పడ్డారా అన్నారు. "పడలేదు, పడుకున్నాను" అన్నాడు కాటాయన. వాళ్లు మళ్లీ బస్సెక్కారు. గేటు లేచింది, బస్సులు చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి. ఆయన మాత్రం రెండు కాళ్లూ సైకిలుకి అతుక్కుని రోడ్డు పక్కన పడుకునే ఉన్నాడు.

అక్కడ పడుకునే ఉపాయం కనిపెట్టాడు. మడమ తిప్పకుండానే బూటు పట్టీ ఊడదీసి, బూట్లో నుంచి కాలు బయటికి లాగేశాడు. బూట్లు పెడళ్లకే ఉండిపోయాయి. మేజోళ్లతో సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. గుమ్మంలో భార్య చూసి, మొగుడు నడిచీ బూట్లు సైకిలెక్కీ రావడం ఇప్పుడే చూస్తున్నానంది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. బూట్లు ఎప్పుడూ సైకిలు మీదే. పొద్దున్నే ఇంటి గేటు పట్టుకుని సీటెక్కి, బూట్లలో కాళ్లు దూర్చి పట్టీలు బిగించి బయల్దేరతాడు. మధ్యలో ఎక్కడా ఆగడు. కాటా దగ్గరికొచ్చి తన గది కిటికీ ఊచ పట్టుకుని, కాళ్లు ఊడబెరుక్కుని మేజోళ్లతో గదిలోకి వెళ్తాడు. సాయంత్రం ఊచ దగ్గర మొదలై గేటు దగ్గర ముగుస్తుంది. సిగ్నళ్లూ రైలు గేట్లూ లేని దారి వెతుక్కున్నాడు. ఒక్కటే దొరికింది. అది అక్క కొట్టు ముందు నుంచి వెళ్తుంది.

దారి దొరకక అటు వెళ్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. రెండు నెలలు రోజుకి రెండుసార్లు ఆ గేటు ముందు నుంచి వెళ్లాడు. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని ఇనుము ఏరుకుంటూ ఉండేది. ఈయన మెడ తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పేవాడు. ఆవిడ తలెత్తకుండా చూసేది. ఆవరణలో గుట్టలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయని ఆయన గమనించాడు. వ్యాపారం బాగా సాగుతున్నట్టుంది అనుకున్నాడు.

శుక్రవారం అన్నం తింటుండగా భార్య చెప్పింది. వదిన కొట్టు ఎత్తేసిందట. ఆదివారం పొద్దున కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట. రైల్లో రెండు రోజుల ప్రయాణం, ఇక తిరిగి రాదట. కూతురు టికెట్ కూడా కొనేసిందట.

"వెళ్లనీ" అన్నాడు కాటాయన. ఆ మాట అన్నాక చేతిలో ముద్ద నోటి దాకా పోలేదు. చెప్పుకోవడానికి ఇంకా చాలా రోజులున్నాయని తొమ్మిదేళ్లు అనుకున్నాడు. ఇప్పుడు మిగిలింది శనివారం ఒక్కటే. ఆవిడ వెళ్లిపోతే, తమ్ముడు తనను దొంగ అన్నాడన్న మాటే మూటలో కట్టుకుని వెళ్తుంది. ఆ ఆలోచనకు ఆయనకు నిజంగా భయం వేసింది.

శనివారం పొద్దున బయల్దేరాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. అక్క గేటు పట్టుకుని ఆగుతాను, ఆగాక నోరే ఏదో ఒకటి అంటుంది అనుకున్నాడు. మలుపు తిరిగి వేగం తగ్గించి, గేటు పట్టుకోవడానికి కుడిచెయ్యి చాపి చూస్తే గేటు లేదు.

గేటే కాదు, దాని రెండు స్తంభాలూ లేవు. స్తంభాలున్న చోట గుంటలున్నాయి. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, సైకిలు తిన్నగా ఆవరణలోకి వెళ్లిపోయింది. లోపల గుట్టలు లేవు, డ్రమ్ములు లేవు, చుట్టూ ఉండే ఇనుప రేకుల కంచె లేదు. ఎర్రటి తుప్పు నేల, ఆ చివర ఇల్లు, ఇంటి ముందు మోకాలెత్తు అరుగు. పట్టుకోవడానికి ఒక్క వస్తువు మిగల్లేదు. కాటాయన హ్యాండిల్ తిప్పి గుండ్రంగా తొక్కడం మొదలుపెట్టాడు.

అక్క చప్పుడు విని బయటికొచ్చింది. జుట్టు బాగా తెల్లబడింది. తొమ్మిదేళ్ల తర్వాత మొహం ఎదురుగా చూసి కాటాయన ఏదో అనబోయాడు, అప్పటికే సైకిలు ఆవిణ్ని దాటి వెళ్లిపోయింది. ఆవిడ ఆవరణ మధ్యకు వచ్చి నిలబడి, ఆయన ఎటు వెళ్తే అటు తిరిగింది.

"ఆగరా. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"ఆగితే పడతాను."

"అయితే దిగు."

"దిగడం రాదు" అని చెప్పేసరికి ఆయన అవతలి వైపుకి వెళ్లిపోయాడు. మళ్లీ ఒక చుట్టు తిరిగాడు. దగ్గరికొచ్చాక, ఎక్కడం వచ్చినవాడికి దిగడం రాకపోవడం ఏమిట్రా అని అక్క అడిగింది.

"మడమ తిప్పాలట" అన్నాడు కాటాయన.

అక్క ఒక పూర్తి చుట్టు ఆయన్నే చూసింది. ఆ తర్వాత వెళ్లి అరుగు మీద కూర్చుంది. "నాన్న తల వెనకంతా మెట్లు మెట్లుగా ఉండేది" అంది. "పదకొండేళ్లు నేనే కత్తిరించాను. ఒక్కరోజు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటే అయిపోయేది. వెళ్లలేదు. ఆయనకు ఆ షాపాయనంటే ఎంతిష్టమో నీకు తెలీదు."

సైకిలు ఇంకో చుట్టు తిరిగింది. కాటాయనకు చెమటలు పడుతున్నాయి, తొడలు వణుకుతున్నాయి. అరుగు ముందుకు రాగానే ఒక్క మాట అన్నాడు. తిరిగొచ్చి ఇంకో మాట అన్నాడు. "ఆ ఎనభై కిలోలు" అన్నది ఒక చుట్టులో. "నువ్వు దించలేదు" అన్నది ఇంకో చుట్టులో. మూడో చుట్టులో నోరు తెరిచాడు గానీ మాట రాక దాటిపోయాడు. అక్క అరుగు మీదే కూర్చుని ఎదురుచూసింది. నాలుగో చుట్టులో చెప్పాడు.

"తప్పు నాది అక్కా. కాటా మీద మా ఆవిడ నిలబడి ఉంది."

"తెలుసు" అంది అక్క.

"తెలుసా?" అని కాటాయన ఒళ్లంతా వెనక్కి తిప్పి చూశాడు. ఒళ్లు తిరిగితే నడుము తిరిగింది, నడుముతో మోకాలు తిరిగింది, మడమ ఎప్పుడు తిరిగిందో ఆయనకే తెలియదు. టక్కుమంది. కుడికాలు గాల్లోకి వచ్చేసింది. వచ్చిన కాలిని ఏం చెయ్యాలో తెలియక ఆయన చూస్తుండగానే సైకిలు రెండోవైపుకు, కాలు రాని వైపుకు పడింది.

అక్క పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడింది. తల తడిమింది, మోచెయ్యి చూసింది. ఎడమకాలు ఇంకా పెడలుకే ఉంది. ఆవిడ బూటు మడమ రెండు చేతులతో పట్టుకుని ఇటేనా అంది. ఇటే అన్నాడు. తిప్పింది. టక్కుమని ఊడింది.

"ఇంత వదులుగా ఉందేమిట్రా" అంది.

కాటాయన కూడా ఆ పెడలు కేసి చూశాడు. షాపావిడ స్క్రూ ఎటు తిప్పిందో అప్పుడు అర్థమైంది. రెండు నెలలుగా ఆయన్ను పట్టుకున్నది స్ప్రింగు కాదు.

ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు, కుర్చీలు కూడా అమ్మేసింది కాబట్టి. తెలిస్తే ఆ రోజే నా మొహాన ఎందుకు కొట్టలేదక్కా అని అడిగాడు. కొట్టడానికే బయల్దేరానంది. ఆ సాయంత్రమే లెక్క తట్టింది, లారీ పక్కన తనతో మాట్లాడిన మనిషి ఎక్కడ నిలబడిందో గుర్తొచ్చింది. సగం దారి వచ్చి ఆగిపోయింది. నోరు జారింది వాడు, రావలసింది వాడు అనుకుని వెనక్కి తిరిగింది. ఆ తర్వాత రోజూ అదే అనుకుంది. "మీ ఆవిడకు మాత్రం ఈ బరువు సంగతి చెప్పకురా. పాపం, అప్పుడు నాకోసమే అక్కడ నిలబడింది."

కాటాయన చుట్టూ చూసి, చివరికి గేటు కూడా అమ్మేశావే అన్నాడు.

అక్క నేల మీది తుప్పును వేలితో గీస్తూ చెప్పింది. "వెళ్లిపోతున్నానని తెలిస్తే ఆగుతావేమో అనుకున్నాను. ముందు కడ్డీలు అమ్మాను. నువ్వు చూసుకుంటూ వెళ్లిపోయావు. రేకులు అమ్మాను. వెళ్లిపోయావు. నిన్న సాయంత్రం నువ్వు దాటాక గేటు పీకించాను. అదొక్కటి అడ్డం లేకపోతే లోపలికి వస్తావేమోనని."

కాటాయనకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. యాభై నాలుగేళ్ల మనిషి తుప్పు నేల మీద బోర్లా పడ్డ సైకిలు పక్కన కూర్చుని, ఊళ్లో లారీలన్నీ వినేలా ఏడ్చాడు. అక్క వీపు మీద చెయ్యి వేసి ఊరుకోమంది, తనూ ఊరుకోలేకపోయింది.

"వెళ్లకక్కా" అన్నాడు.

"వస్తానని అమ్మాయితో అనేశాను కదరా. అన్నాక ఎలా?"

"నేను తిప్పలేదూ?"

స్థలం అమ్మమని అడిగినవాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదని అక్క గొణిగింది. ఆ తర్వాత కొంగు ముడిలోంచి ఫోను తీసి, కూతురి నంబరు నొక్కింది. అటునుంచి అమ్మా అమ్మా అని వినిపిస్తోంది. ఈవిడ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఫోను తమ్ముడి చేతిలో పెట్టేసింది.

"నువ్వు చెప్పు. నాకు అలవాటు లేదు."

"నాకు మాత్రం ఉందా?"

"నాకంటే పావుగంట ముందున్నావు కదరా."

కాటాయన ఫోను చెవికి పెట్టుకుని, అమ్మాయ్ నేను మామయ్యను అన్నాడు. ఎవరు, ఎవరు అని అటునుంచి రెండుసార్లు వినిపించింది. తొమ్మిదేళ్ల తర్వాత విన్న గొంతు కదా, పోల్చుకోవడానికి దానికీ టైము కావాలి. మీ అమ్మ రావడం లేదు, తప్పు నాది, అమ్మను ఏమీ అనకు, మాట తప్పించింది నేను అని గబగబా చెప్పేశాడు. ఈసారి చుట్లు తిరగాల్సిన పని పడలేదు.

మేనకోడలు అంతా వింది. "నేను అసలు టికెట్టే కొనలేదు మామయ్యా" అంది. "కొన్నానంటే అత్తయ్య నీతో చెబుతుంది, నువ్వు కదులుతావు అనుకున్నాను. నిన్న రాత్రంతా ఫోను పక్కనే పెట్టుకుని పడుకున్నాను. ఇంకా కదల్లేదేమిటి, ఇంత మొండివాడా అనుకున్నాను."

కాటాయన లెక్క వేసుకున్నాడు. ఆయన ఒక్క అడుగు వేస్తాడేమోనని ఈ ఊళ్లో ఒకావిడ గేటు అమ్ముకుంది, రెండు రోజుల దూరంలో ఇంకొకతె అబద్ధం ఆడింది, ఇంట్లో ఒకావిడ అన్నం వడ్డిస్తూ ఆ మాట చెవిన వేసింది. ఇంతమంది తన కోసం ఆగి ఉంటే, తనేమో ఆగడం రాదనుకుంటూ ఆ రోడ్డు మీద తిరిగాడు.

"ఏమందిరా?" అని అక్క అడిగింది.

అసలు సంగతి చెబితే, లేని టికెట్ నమ్మి మూటలు కట్టినందుకు అక్క తల దించుకోవాలి. ఆ పని ఎంత కష్టమో ఆయనకిప్పుడు తెలుసు.

"నన్ను తిట్టింది" అన్నాడు.

"మంచి పని చేసింది" అని అక్క లేచి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది. టీ పెట్టడానికి గిన్నె ఏ మూటలో ఉందో గుర్తు లేదంటూ, కట్టిన మూటలన్నీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.